రెండో యూనిట్‌కి నిద్ర అడిగిన మనిషి

లింగమూర్తి గారు ఆఫీసులో కళ్లు మూసుకుని కూర్చునేవారు. నిద్రపోతున్నారని నేను మొదట్లో అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, పక్క సెక్షన్‌లో నలుగురితో అన్నాను కూడా. "ఈయనకి జీతమిచ్చి జోకొడుతున్నారండీ" అని. నా నోరు అంతే. దాన్ని అదుపులో పెట్టుకోమని మా అమ్మ చెప్పీ చెప్పీ అలసిపోయింది, ఆ తర్వాత మా ఆయన అలసిపోయాడు.

మాది కరెంటు తయారుచేసి అమ్మే కంపెనీ. ప్లాంటు ఎక్కడో గోదావరి ఒడ్డున ఉంటుంది. ఆఫీసు మాత్రం హైటెక్ సిటీలో, ఒక అద్దాల భవనం పదకొండో అంతస్తులో. మబ్బు పట్టిన రోజున మా కిటికీల బయట తెల్లగా తప్ప ఇంకేమీ కనిపించదు. కింద రోడ్డు ఉందో లేదో, మనం ఎక్కడ ఉన్నామో కూడా తెలియదు. అలాంటి రోజుల్లో లింగమూర్తి గారి కళ్లు మరీ ఎక్కువసేపు మూసుకుని ఉండేవి.

ఆయన పనేమిటో ముందు చెప్పాలి. బాయిలర్‌కి ఏడాదికోసారి నిద్ర కావాలి. మంట ఆర్పి, చల్లబరిచి, లోపలికి మనుషులు దిగి, అరిగిపోయిన గొట్టాలు మార్చి, మళ్లీ మంట పెట్టాలి. అయితే మనకి తోచినప్పుడు ఆపేస్తే కుదరదు. కరెంటు కొనే సంస్థతో ఒప్పందం ఉంటుంది. ఏడాదికి ముప్పై రోజులే ఆపాలి, అవి ఏ రోజులో ముందే రాసివ్వాలి, తర్వాత మార్చుకోవాలంటే కొనేవాళ్లు కాగితం మీద ఒప్పుకోవాలి. ఒప్పందం పుస్తకం నా దగ్గర, తేదీల పట్టిక ఆయన దగ్గర. అందుకని మా ఇద్దరి కుర్చీలు పక్కపక్కన వేశారు. నా ఖర్మ అనుకున్నాను అప్పట్లో.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఏమండీ లింగమూర్తి గారూ, రోజూ ఏం కలలు కంటుంటారండీ?"

ఆయన కళ్లు తెరవలేదు.

"లోపలికి దిగిన మేడం."

"దేని లోపలికి?"

"బాయిలర్ల."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నెమ్మదిగా, నిద్రలో మాట్లాడే మనిషిలా చెప్పుకుపోయారు.

"మంట బంద్ పెట్టినంక మూడు దినాలకు చల్లబడతది మేడం. చిన్న తలుపుంటది, గిట్ల వంగి పోవాలె. లోపల నిలబడి మీదికి చూస్తే, ఏం చెప్పాలె! పదిహేనంతస్తుల ఎత్తు. నాలుగు దిక్కుల గొట్టాలే. మీద అంత చీకటి. మొన్నటిదాక మంట ఉరిమిన జాగనే అది, ఇప్పుడు చప్పుడే ఉండదు. మాట్లాడితే మన మాట మెల్లగ మీదికి పోయి, మెల్లగ కిందికొస్తది. సన్నగ బూడిద రాల్తుంటది మీద. ఆడ నిలబడ్డంక బయటికి రాబుద్ధి కాదు."

ఆ చెప్పడంలో ఏముందో గానీ, నా చేతిలో ఉన్న ఫైలు అలాగే ఉండిపోయింది. ఆ రోజు సాయంత్రం నిజాంపేటలో ఇంటికెళ్లి వంట చేస్తున్నా నా తల మీద ఏదో బూడిద రాలుతున్నట్టే ఉంది. మూడుసార్లు జుట్టు దులుపుకున్నాను. మా ఆయన విచిత్రంగా చూశాడు.

లింగమూర్తి గారు లోపలికి దిగి పదిహేనేళ్లయిందట. ముందు ఆయన ఆ ప్లాంటులోనే ఆపరేటరు. ఎడమ చెయ్యి కాలింది. ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకునేవారు. ఆ చెయ్యి కాలిన తర్వాత డాక్టర్లు పైకెక్కే పనికి పనికిరాడని రాస్తే కంపెనీ హైదరాబాదు పంపింది. హఫీజ్‌పేట్‌లో కిరాయి ఇల్లు. అక్కడ లోకల్ రైలెక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి, ఆఫీసుదాకా నడిచి వస్తారు. ఆయన భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. ఇదంతా ఆయన చెప్పింది కాదు, నేను ఆరాలు తీసి సంపాదించింది.

ఆయనకి రెండు అలవాట్లుండేవి. మొదటిది వాన. ఆఫీసులో అందరూ వాతావరణం చూడాలంటే ఫోన్లో బొమ్మ చూస్తారు. ఈయన మాత్రం పన్నెండు మందికి ఫోన్ చేస్తారు. పన్నెండు జిల్లాల్లో బోరుబావుల మీద వ్యవసాయం చేసుకునే చుట్టాలూ, చుట్టాల చుట్టాలూ. అందులో మొదటి నంబరు ఆయన అక్క బుచ్చమ్మ గారిది.

"అక్కా, వాన పడ్డదా? మోటరు నడుస్తున్నదా, బంద్ పెట్టినవా?"

ఇంతే ప్రశ్న. ఈయనకి రాష్ట్రంలో మోటార్లతో పనేంటి అని నాకు ఒళ్లు మండేది. రెండో అలవాటు ఇంకా వింత. రోజూ పదింబావుకి ప్లాంటుకి ఫోన్ చేసేవారు. అవతల మధుకర్ ఎత్తేవాడు. బుచ్చమ్మ గారి ఒక్కగానొక్క కొడుకు, ముప్పై నాలుగేళ్లవాడు, రెండో యూనిట్ బాయిలర్ మీద ఆపరేటరు. రెండు గంటలకోసారి అంతస్తులన్నీ ఎక్కి దిగి చూసి రావడం అతని డ్యూటీ. ఎనిమిదో అంతస్తుకి వచ్చాక ఫోను బాయిలర్ గోడవైపు చాచి పట్టుకుంటాడు. ఈయన ఇక్కడ ఏసీ గదిలో కళ్లు మూసుకుని వింటారు. ఒకసారి నా చెవికీ పెట్టారు. మిక్సీలో రాళ్లు వేసినట్టుంది తప్ప నాకేమీ తెలియలేదు.

ఆ ఏడాది జూన్ రెండో వారం దాటినా వాన జాడ లేదు. ఎండలు ఎండలే. ఇళ్లల్లో ఏసీలు, పొలాల్లో నారుమళ్ల కోసం మోటార్లు, అన్నీ ఒకేసారి తిరుగుతున్నాయి. ఉన్న కరెంటు చాలక కొనే సంస్థవాళ్లు కొట్టుకులాడుతున్నారు. రెండో యూనిట్ ఆపాల్సిన తేదీ జూలై ఇరవై. సరిగ్గా ఆ కరువు రోజుల్లోనే లింగమూర్తి గారు పదింబావు ఫోను విని, కళ్లు తెరిచి, ఫోను పెట్టేయకుండా అలా ఉండిపోయారు.

"ఏమైందండీ?"

"ఈల మేడం. సన్నగ, ఒకటే తీరుగ. గోడ ఎనుక ఏదో గొట్టం చిల్లి పడ్డది."

వెంటనే వెంకటనారాయణ గారి దగ్గరికి వెళ్లాం. ఆయన మా మీద అధికారి, చెడ్డవాడు కాదు, లెక్క తప్పని మనిషి. కంప్యూటరు తెర మా వైపు తిప్పి చూపించారు.

"చూడండి లింగమూర్తి గారూ. ఒత్తిడి మామూలే. నీళ్ల వాడకం మామూలే. చిల్లిపడితే శబ్దం పట్టే యంత్రం పెట్టించాం, అదీ ఏమీ లేదంటోంది. రెండొందల కిలోమీటర్ల అవతల్నుంచి ఫోన్లో మీకు మాత్రం ఈల వినిపించిందా? ఇంత కరువులో రుజువు లేకుండా యూనిట్ ఆపితే తప్పు మనదవుతుంది. ఒప్పందంలో మీ చెవి గురించి ఎక్కడ రాశారో రత్నమాల గారిని చూపించమనండి" అన్నారు నన్ను చూపిస్తూ.

నవ్వొచ్చింది నాకు. సిగ్గులేకుండా నవ్వాను కూడా. అప్పుడు లింగమూర్తి గారు నావైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం ఉంది. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దాయన. నా నవ్వు అక్కడే ఎండిపోయింది.

కుర్చీలోకి వచ్చి పుస్తకం తిరగేశాను. చెవి గురించి లేదు గానీ, మరో దారి ఉంది. ముప్పై రోజుల్లోంచి ఓ అయిదు రోజులు ముందుకు జరుపుకోవచ్చు, కొనేవాళ్లు ఒప్పుకుంటే. కాదంటే మళ్లీ ఏడు రోజులదాకా అడగకూడదు. వెంకటనారాయణ గారికి చూపిస్తే, "వాళ్లు ఒప్పుకుంటే నాదేం పోయింది? ఒప్పుకోరు. అడగాలనుంటే మీ పేరు మీద అడగండి" అన్నారు. సరే నా పేరు మీదే అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు, రోషం అనుకుంటా.

"ఎప్పుడు అడుగుదామండీ?" అన్నాను లింగమూర్తి గారితో.

"వాన పడ్డంక మేడం. రాష్ట్రమంత వాన పడితే రైతులు మోటార్లు బంద్ పెడతరు. లోడు, గదే కరెంటు వాడకం, దబ్బున పడిపోతది. అప్పుడు వాళ్లకే కరెంటు ఎక్కువైతది. మనం అడిగితే సంబురంగ ఇస్తరు."

అప్పుడు అర్థమైంది నాకు, ఆ పన్నెండు ఫోన్లు ఎందుకో. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని ఎంత వెటకారం చేశానో తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపించింది.

వాన కోసం కిటికీ దగ్గర నిలబడేవాళ్లం. ఐటీ పిల్లలు కాఫీ కప్పులతో అటూ ఇటూ పోతూ మమ్మల్ని చూసేవారు. మబ్బు కొండాపూర్ వైపు నుంచి నెమ్మదిగా వచ్చి, అద్దానికి మెత్తగా ఆనుకుని, ఏదో మాట చెప్పబోయి మానేసినట్టు వెళ్లిపోయేది. ఆ తెలుపులో చూస్తూ చూస్తూ ఉంటే ఎక్కడో గోదావరి ఒడ్డున ఒక పెద్ద ప్రాణి నిద్రలేక ఆయాసపడుతున్నట్టు నాకూ అనిపించడం మొదలైంది. నాకు! లెక్కా పత్రం తప్ప ఇంకోటి తెలియని నాకు!

గురువారం పొద్దున్నే వాన పడింది. అబ్బ, ఏం వానండీ! కొత్తగూడ దగ్గర నీళ్లు మోకాలిదాకా వచ్చాయి. స్కూటీ తోసుకుంటూ ఎనిమిదిన్నరకి ఆఫీసుకి చేరాను. ఫోన్లో బొమ్మ చూస్తే రాష్ట్రమంతా నీలంగా ఉంది. లింగమూర్తి గారు ఇంకా రాలేదు, రైళ్లు ఆగిపోయాయట. ఆయన వచ్చేసరికి అనుమతి కాగితం ఆయన బల్ల మీద పెట్టి ఆశ్చర్యపరుద్దామని నాకు ఉత్సాహం పొంగింది. కూర్చుని ఉత్తరం కొట్టి పంపేశాను.

తొమ్మిదింటికి ఆయన తడిసి ముద్దై వచ్చారు.

"పంపేశానండీ!" అన్నాను గర్వంగా.

ఆయన కూలబడ్డట్టు కూర్చున్నారు.

"అయ్యో మేడం. జర ఆగితే అయిపోయేది. మోటార్లు నడుస్తనే ఉన్నయి గద."

"వాన పడుతుంటే మోటార్లు ఎందుకు నడుస్తాయండీ?"

"ఆటో స్టార్టర్లు మేడం. రైతులు డబ్బలల్ల బిగించుకుంటరు. కరెంటుంటే చాలు, మనిషి లేకున్నా మోటరు తనంత తనే నడుస్తది. వాన పడంగనే ఎవలు ఉరికి పోయి బంద్ పెడతరు? తెల్లారి లేచి, ఛాయ తాగి, వాన జర తగ్గినంక బురదల మెల్లగ పోయి బంద్ పెడతరు. లోడు పడేది అప్పుడు."

మాది కృష్ణా కాలువ కింద పొలం. నీళ్లంటే కాలువలో వస్తాయి, రాకపోతే రావు. మోటారంటే నాకు మేడ మీద ట్యాంకు నింపేదే. పదేళ్లు హైదరాబాదులో ఉండి, కరెంటు కంపెనీలో ఉద్యోగం చేస్తూ, ఆ కరెంటు ఎక్కడికి పోతుందో నాకు తెలియదు.

తొమ్మిదింబావుకి ఫోను మోగింది. కొనే సంస్థలో లోడు చూసే అధికారి రేణుక గారు.

"వాన పడ్డదని మీరు రాసిన్రు మేడం. మా తెర మీద లోడు అట్లనే ఉన్నది. ఇప్పుడు యూనిట్ ఇయ్యలేను. కుదరదు."

అంతే. ఇక ఏడు రోజులు అడగడానికి లేదు. పదకొండింటికి లోడు నిజంగానే పడిపోయింది, ఆయన చెప్పినట్టే, రాయిలా. అప్పటికే కాదనిపించుకున్న వాళ్లం దాన్ని చూస్తూ కూర్చున్నాం. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

లింగమూర్తి గారు మాత్రం కోప్పడలేదు. "తెల్వక చేసిన్రు. ఫికర్ చేయకుండ్రి" అన్నారు. అని, మధుకర్‌కి ఫోన్ చేశారు.

"అల్లుడా, ఎనిమిదో అంతస్తుల నిలబడకు. ఫోను గూడ పట్టకు ఇగ. ఉరికినట్టు దాటిపో. ఇన్నవా?"



"అంత ప్రమాదమైతే అతన్ని సెలవు పెట్టమనొచ్చుగా లింగమూర్తి గారూ!"

"వీడు సెలవు పెడితే ఇంకొకడు పోతడు మేడం. వానికి గూడ ఇంట్ల ఎవలో ఒకలు ఉంటరు గద."

"మీ అక్కగారికి తెలుసా?"

"ఏమని చెప్పాలె అక్కకు? నా చెవుల ఈల వినబడుతున్నదనా?"

మధ్యాహ్నం టీ తాగుతూ ఆయనే చెప్పారు. నేను అడగలేదు.

"పదిహేనేండ్ల కింద గిదే ఈల మేడం. అప్పుడు నేను, ఎల్లయ్య జోడీ. ఇద్దరం ఒక్క షిఫ్టు, ఒక్క టిఫిను డబ్బ. ఈల వినబడుతున్నదని పోయి చెప్పిన. తేదీ ఇంక తొమ్మిది దినాలే ఉన్నది, ఆగుమన్నరు. సరే అన్న. మళ్ల ఒక్కసారి గూడ అడగలే మేడం. ఎనిమిదో దినం గోడ రేకు చీరుకోని ఆవిరి బయటికొచ్చింది. ఆ ఆవిరి కండ్లకు కనబడదు. తెల్లగ పొగ తీరు కనబడేది చల్లబడ్డంకనే. ఎల్లయ్య నాకన్న నాలుగడుగులు ముందున్నడు. నడిచేటోడు నడిచినట్టే పడిపోయిండు. గుంజిన. అప్పుడే ఈ చెయ్యి. పదకొండు దినాలు దవాఖానల ఉన్నడు."

ఆయన టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చారు. నాది చల్లారిపోయింది.

ఆ వారం రోజులు ఎలా గడిచాయో నాకు సరిగ్గా గుర్తులేదు. అంతా ఓ మసకలో జరిగినట్టుంది. కుక్కరు కూత వేస్తే ఉలిక్కిపడేదాన్ని. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊదితే స్కూటీ ఆగిపోయేది. మధ్యాహ్నం భోజనం తర్వాత కళ్లు మూతపడితే చాలు, ఇనుప మెట్లు, వాటి మీద ఎవరో ముఖం తెలియని మనిషి పైకి ఎక్కుతుంటాడు. ఎనిమిదో అంతస్తు రాకముందే నేను కళ్లు తెరిచేసేదాన్ని. పక్కన లింగమూర్తి గారు కళ్లు మూసుకుని ఉండేవారు. ఆయన ఎన్నో అంతస్తులో ఉన్నారో అడిగే ధైర్యం నాకు లేదు.

మరుసటి శుక్రవారం తెల్లవారి మొదలైంది రెండో వాన. మొదటిదానిలా ఊడ్చి కొట్టేది కాదు, నెమ్మదిగా, నమ్మకంగా, రోజంతా ఉంటాను అన్నట్టు పడుతోంది. నేను ఎనిమిదింటికి వెళ్లేసరికి ఆయన తెల్లకాగితం, ఫోను పెట్టుకుని కూర్చున్నారు. బుచ్చమ్మ గారి గొంతు బయటికే వినిపిస్తోంది.

"పడ్డది తమ్మీ, మస్తు పడ్డది. మడి నిండింది."

"మోటరు అక్కా?"

"నడుస్తనే ఉన్నది. ఈ బురదల ఇప్పుడేం పోత? సద్ది తిని పోత."

"పది అయితదా?"

"పదో, పదిన్నరో. గంత గనం అడుగుతున్నవేందిరా?"

"ఊకెనే అక్కా."

అలా పన్నెండు మంది. ఒకరికి గేదె ఈనిందట, పదకొండు దాటుతుందన్నాడు. ఒకావిడ పిల్లల్ని బడికి పంపి వెళ్తానంది. ఆయన ప్రతి పేరు పక్కనా టైము వేసుకున్నారు. ఆ కాగితం చూస్తుంటే రాష్ట్రమంతా వానలో మెల్లగా నిద్రలేచి, పళ్లు తోముకుని, గొడుగులు వెతుక్కుంటున్నట్టు కనిపించింది.

"పదిన్నర దాటినంక చూద్దాం మేడం."

నేను ఉత్తరం తయారుగా పెట్టుకుని, వేలు మీట మీద ఉంచుకుని కూర్చున్నాను. తొమ్మిదైంది, లోడు కదల్లేదు. తొమ్మిదిన్నర. పది. నాకసలు ఓపిక తక్కువ. లేచి తిరిగాను. కూర్చున్నాను. "ఇంకెప్పుడండీ, వాళ్లు సద్దికి కూర్చున్నారా, పెళ్లి భోజనానికి కూర్చున్నారా!" అని ఆయన మీదే కసిరాను. ఆయన నవ్వారు.

పదీ నలభైకి తెర మీద గీత కొద్దిగా వంగింది. ఆ తర్వాత జారింది. ఒక్కో మోటారు, ఒక్కో మోటారు, వేలాది మంది బురద కాళ్లతో వెళ్లి చెయ్యి చాచి ఆపుతుంటే ఆ గీత కిందికి కిందికి దిగుతూనే ఉంది. ఎదురుగా తెర మీద గీతే కదా, అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి.

పదకొండూ అయిదుకి రేణుక గారే ఫోన్ చేశారు.

"మేడం, లోడు మొత్తం పడిపోయింది, మీ రెండో యూనిట్ జర తగ్గించుండ్రి."

"తగ్గించడమెందుకండీ?" అన్నాను. "అయిదు రోజులు పూర్తిగా ఆపేస్తాం. వానలు నాలుగైదు రోజులుంటాయంటున్నారు. మీకూ భారం తగ్గుతుంది."



"రాసి పంపుండ్రి" అన్నారామె.

రాసింది అప్పటికే ఉంది. వేలు నొక్కాను. పదకొండూ ఇరవైకి ఒప్పుకోలు వచ్చింది.

యూనిట్ ఆపుతున్నంతసేపూ లింగమూర్తి గారు ఫోను చెవికి పెట్టుకునే ఉన్నారు, కింది అంతస్తులో కంట్రోల్ రూమ్ వాళ్లు పట్టుకుంటే. ఈసారి నాకూ ఇచ్చారు. ఆ మిక్సీలో రాళ్ల చప్పుడు కొంచెం కొంచెంగా సన్నబడింది. దూరమైంది. చివరికి ఏ చప్పుడూ లేదు, అక్కడ ప్లాంటు మీద పడుతున్న వాన తప్ప. మా అద్దం మీద కూడా అదే వాన.

మంగళవారం పొద్దున్న బాయిలర్ తెరిచారు. మధుకర్ వీడియో కాల్ చేశాడు. చేతిలో లైటు, తలకి టోపీ, గడ్డం మీద బూడిద. ముఖం చూడటం నాకు అదే మొదటిసారి. అచ్చం మేనమామ పోలికే. ఎనిమిదో అంతస్తు గోడ వెనక్కి దూరి, ఒక్కో గొట్టాన్నీ లైటు పెట్టి చూపిస్తూ, చిన్న సుత్తితో కొడుతూ పోయాడు. టంగ్. టంగ్. టంగ్. మందం కొలిచే పరికరం పెట్టి అంకెలు చదివాడు. అన్నీ బాగున్నాయి. మొదటి వరస, రెండో వరస, చిట్టచివరి గొట్టందాకా అన్నీ బాగున్నాయి.

"ఏం లేదు మామా. బయట గోడకు కప్పిన రేకు ఒకటి మూలకు లేచి ఉన్నది. గాలికి అదే ఈల పెట్టింది. నాలుగు మరలు బిగించిన, గంతే."

రేకా! నాలుగు మరలా! ఏడాదికి ముప్పై రోజులుంటే అందులో అయిదు, నా పేరు మీద, ఒక లేచిన రేకు కోసమా? జూలైలో అసలు పనికి ఇరవై అయిదే మిగిలాయి. అంతలోనే వెంకటనారాయణ గారి గదిలోంచి పిలుపు వచ్చింది. వెళ్తే ఆయన అరవలేదు, అరిచినా బాగుండేది. "ఈలకి అయిదు రోజులు, రత్నమాల గారూ. సాయంత్రంలోగా వివరణ రాసివ్వండి" అన్నారు.

మండిపోతూ వెనక్కి వచ్చాను. ఎంత మాట పడితే అంత మాట అనెయ్యాలనే వచ్చాను.

"చూశారా లింగమూర్తి గారూ! ఏమీ లేదట! మీరు విన్నది తప్పు! తప్పని ఒప్పుకుంటారా, లేదా?"

"తప్పే మేడం" అన్నారాయన.

ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. ముఖమంతా నవ్వు, ఆ నవ్వు మీద నుంచి కన్నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు.

"పదిహేనేండ్ల సంది మొక్కుతున్న మేడం. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నా చెవి తప్పు కావాలె అని. ఇయ్యాల అయింది. తిట్టుండ్రి మేడం, ఎన్నన్న తిట్టుండ్రి, నేను పడత."

నేను కుర్చీలో కూర్చుని వివరణ కాగితం తీసుకున్నాను. కారణం అన్న చోట 'నా నిర్ణయం' అని రాసి సంతకం పెట్టాను. ఆయన ఫోను తీసి బుచ్చమ్మ గారి నంబరు కలిపారు.

"అక్కా."

"ఏంది తమ్మీ, వాననా? తగ్గింది, ఎండ గొడుతున్నది."

"వాన కాదక్కా. మధు మంచిగున్నడు. అది చెప్దామని చేసిన."

అవతల ఆవిడ నవ్వడం నాకు స్పష్టంగా వినిపించింది.

"వాడు మంచిగ లేక ఏమైతదిరా?"